శీతాకాలపు కాపు ముగిసిన పెరటి మడి: ఉంచాలా, పీకాలా, ఎండకు వదలాలా?

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మన పెద్దలు అంటారు. పెరట్లో కూరగాయలు పెంచేవారు ఆ మాటను ఒక గడువుగా తీసుకోవడం మంచిది. రథసప్తమి నాడు రథం కట్టడానికి కాయలిచ్చిన చిక్కుడు పాదు ఆ తరువాత రెండు మూడు వారాల్లోనే ఆకు పండబారి, కాయ గిడసబారి, కొసలు పేనుబంకతో నల్లబడి కనిపిస్తుంది. టమాటా మొక్క కింది సగం ఎండిపోయి, పైన గోలీలంత కాయలతో వేలాడుతూ ఉంటుంది. పాలకూర కాడ కడుతుంది, కొత్తిమీర తెల్లగా పూస్తుంది. వంగ, మిరప మాత్రం అలసిపోయినట్టు కనిపిస్తూనే వారానికి ఒక పూట కూరకు సరిపడా కాస్తుంటాయి. ఈ దశలో ఏం చేయాలో తేల్చుకోలేక, ఇంకో నాలుగు కాయలు రాకపోతాయా అన్న ఆశతో చాలామంది మడిని అలాగే వదిలేస్తారు. ఆ నాలుగు కాయల కోసం ఆగిన నెల రోజుల్లో తెల్లదోమ, పిండినల్లి పెరడంతా పాకుతాయి, వేసవి కూరలు విత్తవలసిన అదును కూడా దాటిపోతుంది.

ఫాల్గుణం మొదలు మృగశిర కార్తె వరకు, అంటే మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా, పెరటి మడికి ఐదు దారులున్నాయి. పాత మొక్కలను కత్తిరించి మళ్ళీ చిగురించనివ్వవచ్చు. అన్నీ తీసేసి వేసవి కూరలు వేయవచ్చు. తడిపిన మట్టిని పారదర్శకమైన పాలిథిన్ షీటుతో కప్పి ఎండకు అప్పగించవచ్చు. జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట, అంటే పచ్చిగా ఉండగానే కోసి మట్టిలో ఎరువుగా కలిపే పైరు, చల్లవచ్చు. లేదా ఎండుటాకులు కప్పి నేలకు విశ్రాంతి ఇవ్వవచ్చు. వీటిలో ఏదీ అందరికీ సరిపోయేది కాదు. మీ నేలలో వేళ్ళు ఏ స్థితిలో ఉన్నాయి, మే నెలలో మీకు రోజుకు ఎన్ని బకెట్ల నీళ్ళు దొరుకుతాయి అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఎంపిక దాదాపు దానంతట అదే తేలిపోతుంది. మొక్క మీద ఇంకా ఎన్ని కాయలున్నాయన్నది ఈ లెక్కలోకి రాకూడదని నా అభిప్రాయం.

ముందుగా ఒక మొక్కను పీకి చూడండి

మడిలో అన్నిటికంటే నీరసంగా ఉన్న టమాటా మొక్కను ఎంచుకుని, ముందురోజు నీళ్ళు పెట్టి, మరునాడు గునపంతో చుట్టూ వదులు చేసి, వేళ్ళు తెగకుండా మెల్లగా పైకి లాగండి. నీళ్ళ బకెట్టులో ముంచి మట్టిని కడిగి వెలుతురులో చూడండి. వేళ్ళు తెల్లగా, సన్నగా, దారప్పోగుల్లా ఉంటే మీ నేల ఆరోగ్యంగా ఉన్నట్టే. అలా కాకుండా వేరు పొడవునా అక్కడక్కడా అల్లం కొమ్ములా ఉబ్బి, ముడులు ముడులుగా కనిపిస్తే అది నులిపురుగుల పని. కంటికి ఆనని ఈ పురుగులు వేరులోకి చొచ్చుకుపోయి అక్కడే కాపురం పెట్టి గుడ్లు పెడతాయి. పైకి మాత్రం ఎరువు చాలనట్టుగానో, నీళ్ళు సరిపోనట్టుగానో మొక్క మధ్యాహ్నం వాడిపోయి సాయంత్రానికి తేరుకుంటూ ఉంటుంది, అందువల్ల మనం మరింత ఎరువు, మరిన్ని నీళ్ళు పోస్తూ పోతాం.

ఇక్కడ ఒక పొరపాటు జరగడానికి అవకాశం ఉన్నది. చిక్కుడు, అలసంద, గోరుచిక్కుడు వంటి పప్పుజాతి మొక్కల వేళ్ళకు సహజంగానే బుడిపెలుంటాయి. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే రైజోబియం బాక్టీరియా వాటిలో ఉంటుంది, అవి మేలు చేసేవి. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. మేలు చేసే బుడిపె వేరుకు పక్కన అతికించినట్టు ఉండి, గోటితో తోస్తే ఊడి వస్తుంది. చిదిమితే లోపల లేత గులాబీ రంగు కనిపిస్తుంది. నులిపురుగుల ముడి వేరులోనే భాగం. దాన్ని ఊడదీయాలంటే వేరే తెగుతుంది.

ఈ చిన్న పరీక్ష చేయనందుకు నేను ఒక ఏడాది పంటను పోగొట్టుకున్నాను. కొత్త మడి కోసం బయట కొన్న ఎర్రమట్టి, ఎరువు మిశ్రమంతో పాటు నులిపురుగులు కూడా వచ్చి చేరిన సంగతి నాకు తెలియదు. వంగమొక్కలు కాపు తగ్గాయి కదా అని మార్చిలో శ్రద్ధగా కత్తిరించి, చివికిన ఎరువు వేసి, రెండున్నర నెలలు నీళ్ళు పోశాను. చిగుళ్ళు వచ్చాయి, పూత కూడా వచ్చింది, పిందె మాత్రం నిలవలేదు. జూన్‌లో విసుగెత్తి పీకితే వేళ్ళు పసుపు కొమ్ముల గుత్తిలా బయటకు వచ్చాయి.

నీళ్ళ లెక్క

ఒక చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు నీరు నిలిస్తే అది 1 లీటరు. తెలంగాణలోను, రాయలసీమలోను, కోస్తా లోపలి జిల్లాల్లోను నిండుగా ఆకు కమ్మిన కూరగాయల మడి మే నెల ఎండలో రోజుకు ఇంచుమించు 6 నుంచి 8 మిల్లీమీటర్ల నీరు అడుగుతుంది. 100 చదరపు అడుగుల మడి అంటే సుమారు 9.3 చదరపు మీటర్లు. కాబట్టి రోజుకు 55 నుంచి 75 లీటర్లు, మన వాడుక లెక్కలో నాలుగైదు బకెట్లు. రెండు నెలలకు అది దాదాపు 4,000 లీటర్లు అవుతుంది. అదే మడిని షీటు కింద ఎండబెట్టాలంటే మొదట్లో ఒక్కసారి అడుగు లోతు తడిసేలా 400 నుంచి 500 లీటర్లు పెడితే చాలు, ఆ తరువాత చుక్క నీరు అవసరం లేదు. బోరు ఏప్రిల్‌లో సన్నగిల్లే ఇళ్ళలోను, ట్యాంకరు కోసం వంతులు వేసుకునే కాలనీల్లోను ఈ ఒక్క తేడాయే మిగిలిన అన్ని వాదనలను పక్కకు నెట్టేస్తుంది. బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు పాదుకు మళ్ళించే ఇల్లయితే రెండు పాదులకు ఢోకా లేదు గాని, మొత్తం మడికి అవి చాలవు.

కత్తిరించి ఉంచదగినవి, ఉంచకూడనివి

అందరికీ మొదట తోచే దారి ఇదే, కొత్త నారు, కొత్త విత్తనం అక్కర్లేదు కాబట్టి. అయితే ఇది మొక్కను బట్టి మారుతుంది. వంగ ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. నేల నుంచి జానెడు, జానెడున్నర ఎత్తులో కాండాన్ని ఏటవాలుగా కోసి, చుట్టూ మట్టి గుల్ల చేసి, మొక్కకు రెండు మూడు దోసిళ్ళ చివికిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేప పిండి వేసి తడి ఇస్తే పది పదిహేను రోజుల్లో మొదటి చిగుళ్ళు కనిపిస్తాయి, నెలా నెలన్నరలో పూత మొదలవుతుంది. వేళ్ళు ముందే లోతుకు దిగి ఉంటాయి కనుక కొత్తగా నాటిన నారు కంటే ఇది ఎండను బాగా తట్టుకుంటుంది. మొవ్వు, కాయ తొలిచే పురుగు చేరిన కొమ్మలన్నీ కోతతోనే వెళ్ళిపోవడం మరో లాభం. వాటిని మడి పక్కన పడేయకుండా కాల్చేయడమో, లోతుగా పాతిపెట్టడమో చేయాలి. కోతను ఫిబ్రవరి నెలాఖరు, మహా అయితే మార్చి మొదటి వారం లోపల ముగించాలి. ఏప్రిల్‌లో కోస్తే నీడ కోల్పోయిన మోడు ఎండకు కాలి బెరడు చిట్లుతుంది.

వంగలో ఒక్క లక్షణం కనబడితే మాత్రం కత్తెర పక్కన పెట్టి మొక్కను పీకేయాలి. ఆకులు చింతాకుల్లా చిన్నవై, గుబురుగా పొదలా పెరిగి, కాయ అన్నది లేకుండా పోతే అది వెర్రి తెగులు. పచ్చదోమ జాతి పురుగులు దాన్ని ఒక మొక్క నుంచి మరో మొక్కకు చేరవేస్తాయి. కత్తిరిస్తే వచ్చే చిగురు కూడా వెర్రిగానే వస్తుంది.

మిరప కొంచెం ఆలోచించి తేల్చవలసిన మొక్క. ఆకు అంచులు పడవలా పైకి ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగుల వల్ల వస్తుంది. కిందికి ముడుచుకుని ఆకు కాడ సాగితే కింది ముడత, అది నల్లి వల్ల. ఈ రెండిటికీ కొసలు మూడో వంతు కత్తిరించి, ఆకుల అడుగు భాగం తడిసేలా నీళ్ళు కొట్టి, వేపనూనె పిచికారీ చేస్తే మొక్క తేరుకునే అవకాశం ఉన్నది. ఆకులు పసుపుపచ్చ మచ్చలతో బొబ్బలెక్కినట్టు అయి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్, బొబ్బర తెగులని రైతులు పిలిచేది. వైరస్ సోకిన మొక్కకు కత్తిరింపు మందు కాదు. పైగా దాన్ని వేసవంతా ఉంచుకుంటే జూన్‌లో నాటే కొత్త నారుకు రోగం అంటించే పని అది చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మిరప కూడా మేలో పూత రాల్చుతుంది. దాన్ని ఉంచుకోవడం తొలకరి తరువాతి కాపు కోసమేనని ముందే అనుకోవాలి.

టమాటాను ఉంచవద్దు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా 24 డిగ్రీల కంటే చల్లబడనప్పుడు పుప్పొడి సరిగా తయారుకాక పూత రాలిపోతుంది; ఎంత కత్తిరించినా, ఎంత ఎరువు పెట్టినా ఆ వేడిని మనం మార్చలేము. పందిరి చిక్కుడు సంగతి వేరు. నాటు రకాలు పగటి పొద్దు తగ్గితేనే పూస్తాయి, కాబట్టి పొద్దు పెరిగే వేసవిలో తీగ సాగుతుందే తప్ప కాయదు. విత్తనానికి నాలుగు గుత్తులు ఎండనిచ్చి పాదు తీసేయడమే మేలు. తీసేటప్పుడు పీకకుండా నేల మట్టానికి కోసి, బుడిపెలున్న వేళ్ళను మట్టిలోనే వదిలేస్తే అవి అక్కడే చివికి నేలకు పనికొస్తాయి. బెండ గురించి చెప్పుకోవలసింది తక్కువ: ఈనెలు పసుపు రంగుకు తిరిగిన మొక్క ఒక్కటి ఉన్నా పాత బెండ మొత్తం తీసేయండి.

వేసవి కూరలు వేస్తే

నీళ్ళున్న ఇంటికి, వేళ్ళ పరీక్షలో నెగ్గిన నేలకు ఇదే అన్నిటికంటే ఫలితమిచ్చే దారి. ఆనప, బీర, కాకర, దోస వంటి పాదులు, బెండ, గోరుచిక్కుడు, ఆకుకూరల్లో తోటకూర, బచ్చలి, గోంగూర, గంగవాయిలి కూర మన ఎండకు అలవాటుపడినవి. తోటకూర విత్తిన 25, 30 రోజులకే కోతకు వస్తుంది. గోంగూరను చిటికెలు తుంచుకుంటూ పోతే మూడు నెలలు చిగురిస్తూనే ఉంటుంది. పాలకూర, కొత్తిమీర, మెంతికూర వేసవిలో పట్టుబట్టి వేస్తే గిన్నెడు ఆకు రాకముందే పూతకు వస్తాయి, ఆ మడి గోంగూరకు ఇవ్వడం నయం.

పాదుల విషయంలో విత్తే తేదీ చాలా ముఖ్యం. వేసవి పంటకు అసలు అదును జనవరి, ఫిబ్రవరి నెలలే. పాత పంట ఇంకా మడిలో ఉండగానే చిన్న కవర్లలో మట్టి నింపి ఆనప, బీర విత్తనాలు మొలకెత్తించి పెట్టుకుంటే మార్చి మొదట్లో మడి ఖాళీ కాగానే మూడు నాలుగాకుల మొక్క సిద్ధంగా ఉంటుంది. ఏప్రిల్‌లో విత్తితే వేడికీ, పొడవైన పగటికీ పాదుల్లో మగపూలు ఎక్కువై ఆడపూలు తగ్గుతాయి. తీగ పందిరంతా అల్లుకుని, పొద్దున్నే పందిరి కింద రాలిన పూలు తప్ప ఒక్క పిందె లేదని ఏటా వాపోయేవారిలో ఎక్కువమంది ఆలస్యంగా విత్తినవారే. ఒక మెరుగు ఏమిటంటే, వానాకాలంతో పోలిస్తే కాయను కుళ్ళబెట్టే పండు ఈగ బెడద నడి ఎండల్లో కొంత తక్కువ.

పందిరి ఉన్న ఇంట్లో మరొక సౌకర్యం కూడా కుదురుతుంది. చిక్కుడు దిగిన పందిరికే ఆనప, బీర ఎక్కిస్తే ఆ నీడన కత్తిరించిన వంగ, బచ్చలి, కరివేపాకు మొక్క ఎండను తట్టుకుంటాయి, గ్రీన్ నెట్టు కొనవలసిన పని ఉండదు. ఈ దారిలో లోపం ఒకటే: నేలకు విరామం దొరకదు. వంగ, టమాటా, మిరప ఉన్న చోట పాదులు వేస్తే పంట మారినట్టే గాని, నులిపురుగులకు బెండ, ఆనప, దోస కూడా ఇష్టమైనవే. వేళ్ళలో ముడులు కనిపించిన మడిలో పంట మార్పిడి చేశామని సంతృప్తి పడకూడదు.

ఎండకు అప్పగించడం

ముడులున్న వేళ్ళు, నారుకుళ్ళు, ఎండు తెగులు కనిపించిన మడికి నా మొదటి సలహా ఇదే. 1976లో ఇజ్రాయెల్‌లో మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త యాకోవ్ కటాన్ బృందం ఈ పద్ధతి ఫలితాలను ప్రచురించిన తరువాత ఎండలు మెండుగా ఉన్న చాలా దేశాలకు ఇది పాకింది. దీని వెనకున్న ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. వేసవి దుక్కి దున్ని, మట్టి పెళ్ళలను తిరగేసి, కోశస్థ దశలో ఉన్న పురుగులను ఎండకూ కొంగలకూ వదిలేసే రైతు కూడా సూర్యుడి చేతనే పని చేయిస్తాడు. కటాన్ పద్ధతిలో అదనంగా ఉన్నవి తడి, షీటు.

మడిలోని మొక్కలను వేళ్ళతో సహా తీసి, ముడులున్న వేళ్ళను కంపోస్టు గుంతలో వేయకుండా కాల్చేయాలి. ఇంటి కంపోస్టు కుప్ప వాటిని చంపేటంత వేడెక్కుతుందన్న నమ్మకం లేదు. మట్టిని జానెడు లోతు తవ్వి, పెళ్ళలు చితక్కొట్టి, చదును చేసి, అడుగు లోతు తడిసేలా నీరు పెట్టాలి. తడి మట్టిలో వేడి లోతుకు దిగుతుంది, నిద్రాణంగా ఉన్న పురుగులు, శిలీంధ్రాలు మేలుకుంటాయి, మేలుకున్నదాన్ని చంపడం తేలిక. ఆపైన 25 నుంచి 50 మైక్రాన్ల మందం గల పారదర్శకమైన షీటును మట్టికి ఆనుకునేలా బిగుతుగా పరచి, నాలుగు అంచులను మట్టిలో పాతేయాలి. నల్ల షీటు కలుపును అణచివేస్తుంది గాని ఎండను తానే పీల్చుకుంటుంది కాబట్టి మట్టి అంతగా వేడెక్కదు; ఈ ఒక్క తేడా తెలియక చాలామంది శ్రమ వృథా చేసుకుంటారు. గాలి చొరబడితే కూడా పని చెడుతుంది, చిరుగులకు టేపు అంటించాలి. పిల్లులు, కోళ్ళు తిరిగే పెరట్లో రోజూ ఒకసారి చూసుకోక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే పై జానెడు మట్టిలోని కలుపు విత్తనాలు, తెగుళ్ళు, నులిపురుగులు చాలావరకు నశిస్తాయి.

చాలావరకు అనే అంటున్నాను. లోతున ఉన్న నులిపురుగులు బతికి ఒకటి రెండు పంటల్లో పైకి వస్తాయి, తుంగ గడ్డలు కూడా ఈ వేడికి లొంగవు, వాటిని తవ్వి ఏరవలసిందే. వానపాములు కిందికి తప్పుకుంటాయి, మంచి సూక్ష్మజీవులు కొన్ని పోతాయి. షీటు తీశాక మంచి చివికిన ఎరువు కలిపితే అవి తిరిగి వస్తాయి. షీటు తీసిన తరువాత మళ్ళీ లోతుగా తవ్వడం మాత్రం చేయకూడదు, కింద మిగిలిన రోగాన్ని మన చేతులతోనే పైకి తెచ్చినట్టవుతుంది. ఆ తరువాతి పంటలో గట్ల వెంబడి బంతి వేయడం మంచి జాగ్రత్త, బంతి వేళ్ళలోని పదార్థాలు నులిపురుగులకు విషం.

పచ్చిరొట్ట, దాని అదును

రోగం లేదు గాని నేల నిస్సారమైంది, గట్టిపడింది అనుకునే మడికి పచ్చిరొట్ట సరైనది. మూడు రకాల్లో ఏది అన్నది నేలను బట్టి తేల్చుకోవాలి. నీరు నిలిచే పల్లపు మడికి, చౌడు పట్టిన మట్టికి జీలుగ. నీరు ఇంకిపోయే ఎర్ర చల్కలకు, నులిపురుగుల అనుమానం ఉన్న చోటికి జనుము. నల్లరేగడిలో కొద్ది తడితోనే నేలను పరుచుకుని పెరగడానికి పిల్లిపెసర. 100 చదరపు అడుగులకు 50 గ్రాముల జీలుగ లేదా జనుము విత్తనం సరిపోతుంది. పూత మొదలయ్యే దశలో, అంటే విత్తిన 45, 50 రోజులకు కోసి, ముక్కలు చేసి మట్టిలో కలపాలి. మరో రెండు వారాలు ఆగి నారు నాటాలి. పూత దాటనిస్తే జనుము కాండం నార కట్టి నెలల తరబడి చివకదు.

దీన్ని మార్చిలోనే చల్లాలన్న తొందర అనవసరం. నడి వేసవిలో పచ్చిరొట్టకు కూడా కూరగాయలకు పెట్టినంత నీరు పెట్టాలి, అంత నీరున్నప్పుడు బీర, ఆనప వేసుకోవడమే లాభం. రోహిణి చివర, మృగశిర మొదట్లో తొలకరి జల్లుకు చల్లితే వాన నీటితోనే పెరుగుతుంది. అయితే మడి జులై నెలాఖరు దాకా దానికే అంకితమవుతుంది, వానాకాలపు నారు ఆగస్టుకు జరుగుతుంది. ఒకే మడి ఉన్న ఇంటికి ఇది కష్టంగా తోస్తుంది, రెండు మూడు మడులుంటే ఏటా ఒకదానికి వంతు వేయవచ్చు. విత్తనం దొరకడం మరో చిక్కు. పచ్చిరొట్ట విత్తనాలు రైతులకు సబ్సిడీ మీద సంచుల లెక్కన అందుతాయి, దుకాణంలో 50 గ్రాములు అడిగితే నవ్వుతారు. మేలో తెలిసిన రైతు ఇంటికి వెళ్ళి నాలుగు గుప్పెళ్ళు అడిగి తెచ్చుకోవడమే తేలికైన మార్గం.

ఐదో దారి, ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు కప్పి వదిలేయడం. ఊరికి వెళ్ళి జూన్‌లో తిరిగి వచ్చేవారికి, నీళ్ళూ తీరికా లేనివారికి ఇది చాలు; బోడి నేల ఎండకు బీటలు వారడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం. ఎర్ర నేలల్లో పొడి గడ్డికి చెదలు పడతాయి కాబట్టి కప్పును ఇంటి గోడకు, చెక్క గుంజలకు రెండు అడుగుల దూరంలో ఆపేయాలి.

మేడ మీది కుండీలు, గ్రో బ్యాగులు

స్లాబు మీది కుండీకి నేలకున్న చల్లదనం లేదు, ఏప్రిల్ మధ్యాహ్నం సంచి లోపలి మట్టి కూడా వేడెక్కి వేళ్ళు ఉడుకుతాయి. అందువల్ల మేడ తోటలో ఉంచే మొక్కల సంఖ్యను సగానికి తగ్గించి, వాటిని పిట్టగోడ నీడకు జరిపి, 50 శాతం గ్రీన్ నెట్టు కింద పెట్టడం తెలివైన పని. ఖాళీ అయిన సంచుల మట్టిని కింద పోసి, పాత వేళ్ళు ఏరి, పలచగా ఆరబోసి వారం రోజులు తిరగేస్తూ ఎండబెడితే అది తిరిగి పనికొస్తుంది. నారు నాటే ముందు దానికి మూడో వంతు కొత్త ఎరువు కలపాలి. వేరుముడులు కనిపించిన సంచి మట్టిని మాత్రం మిగతా వాటిలో కలపవద్దు.

విత్తనం దాచుకోవాలా, కొనుక్కోవాలా

ప్యాకెట్టు మీద ఎఫ్1 అనో, హైబ్రిడ్ అనో ఉంటే ఆ కాయల గింజలు దాచడం దండగ, వచ్చే తరం తల్లిని పోలి ఉండదు. నాటు రకాల్లో చిక్కుడు, టమాటా ఎక్కువగా తమ పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతాయి కాబట్టి రకం చెడకుండా నిలుస్తాయి. టమాటా గింజలను గుజ్జుతో సహా రెండు రోజులు నానబెట్టి, పైన పొర కట్టాక కడిగి నీడన ఆరబెట్టాలి. మిరప, వంగ, బెండల్లో తేనెటీగల వల్ల కొంత కల్తీ జరుగుతుంది; పక్కింటి పెరట్లో బజ్జీ మిరప ఉంటే మీ నాటు మిరప కారం రెండేళ్ళలో మారిపోవచ్చు. ఆనప, బీర, కాకర పుప్పొడి మోసే కీటకాల మీద ఆధారపడినవే కనుక దగ్గరలో అదే కూర మరో రకం లేనప్పుడే వాటి విత్తనాన్ని నమ్మాలి. దాచిన విత్తనాన్ని వేసే ముందు పది గింజలను తడి గుడ్డలో కట్టి చూడండి. ఏడుకు తగ్గి మొలిస్తే కొత్తవి కొనడమే మేలు.

మా పెరట్లో ఉన్నవి మూడు మడులు. ఈసారి వేళ్ళు శుభ్రంగా ఉన్న మొదటి దానిలో ఆరు వంగమొక్కలను కత్తిరించి ఉంచి, వాటికి నీడగా పందిరికి బీర ఎక్కించాను. గోడ వారన ఉన్న రెండో మడిలో పాత టమాటా తీసేసి సగం గోంగూర, సగం తోటకూర చల్లాను. ముడులు కనిపించిన మూడోది ఏప్రిల్ మొదటి వారంలో షీటు కిందికి వెళుతుంది, మృగశిరకు బయటపడుతుంది, తొలి వానకు అందులో జనుము పడుతుంది. పాత పాదుకు మిగిలిన ఒక్క ఆనపకాయకు ఎర్ర దారం కట్టి ఉంచాము, ఎవరూ కూరకు కోయకుండా. అది పందిరి మీదే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలలాడే దాకా దాన్ని ముట్టుకోము.